డప్పు, డఫ్డా, జాజ్: వాయిద్యం ఎవరిది, పేరు ఎవరిది?

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పెళ్లంటే గండ్వా బాజా మోగాలి. మోహ్రీ, డఫ్డా, టిమ్కీ, నిసాన్ కలిసి చేసే ఆ మోత లేకుండా పెళ్లి జరిగినట్టు అనిపించదు. వాయించేది గాండా కులంవాళ్లు. షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్న సమాజం అది. ఊరేగింపుకు ముందు నడిచేది వాళ్లే, భోజనాల దగ్గర వెనక కూర్చునేదీ వాళ్లే. డఫ్డాను చూసిన తెలుగువాళ్లెవరికైనా డప్పు గుర్తుకు రాక మానదు. చర్మం బిగించిన చట్రం, ఒంటికి ఆనించుకుని వాయించే తీరు, వాద్యం శుభం వాయించేవాడు అశుభం అనే లెక్క, అన్నీ మనకు తెలిసినవే. భాష మారింది, రాష్ట్రం మారింది, ఆ లెక్క మాత్రం మారలేదు.

రాయ్‌పూర్‌లో పరిశోధన చేస్తున్న తెలుగు విద్యార్థిగా ఈ రెండు వాద్యాలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించే అవకాశం నాకు దొరికింది. వాటి పక్కన మూడోదాన్ని కూడా పెట్టాలని ఈ వ్యాసం. అది జాజ్. అమెరికాలో బానిసల సంతతి సృష్టించిన సంగీతం ఒక్క శతాబ్దంలో వేశ్యావాటికల సందుల నుంచి విశ్వవిద్యాలయాల దాకా ప్రయాణించింది. 1987లో అమెరికా కాంగ్రెస్ దాన్ని జాతి సంపదగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. ఈ కథను మనకు సాధారణంగా కళ సాధించిన విజయంగా చెబుతారు. నా ఉద్దేశంలో అది సగం కథ. మిగతా సగం పేరు కోసం, కూలి కోసం, రికార్డు కోసం, బోధించే హక్కు కోసం జరిగిన తగాదా. మనకు పనికొచ్చేది ఆ రెండో సగమే.

లాక్కున్న డప్పు, అంటగట్టిన డప్పు

పోలికకు ముందు తేడా చెప్పుకోవాలి. 1739లో దక్షిణ కరొలైనాలోని స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డప్పులు మోగిస్తూ, దారిలో మరింతమందిని కలుపుకుంటూ నడిచారు. మరుసటి సంవత్సరం వచ్చిన బానిస చట్టం వాళ్లు డప్పులు, కొమ్ములు వాడకుండా నిషేధించింది. డప్పు కబురు మోస్తుందనీ, మనుషుల్ని ఒక చోటికి చేరుస్తుందనీ యజమానులకు అర్థమైంది. అందుకే లాక్కున్నారు. అలాంటి చోట నల్లవాళ్లు మళ్లీ వాద్యం చేతబట్టడమే ధిక్కారం. న్యూ ఆర్లీన్స్‌లో ఆదివారాలు కాంగో స్క్వేర్ అనే మైదానంలో మాత్రం బానిసలు పాడుకుని, ఆడుకుని, డప్పు కొట్టుకునే వీలుండేది. జాజ్ చరిత్రకారులు ఆ మైదానాన్ని తలవకుండా ముందుకు వెళ్లరు.

మన దగ్గర జరిగింది దీనికి తలకిందులు. ఇక్కడ డప్పును లాక్కోలేదు, అంటగట్టారు. చావుకు కొట్టాలి, జాతరకు కొట్టాలి, ఊరి పెద్ద చాటింపు వేయమంటే వేయాలి. కొట్టనంటే ఊరు ఊరుకోదు. అందుకే మన చరిత్రలో డప్పును కింద పెట్టడమే తొలి ధిక్కారం. చచ్చిన పశువును మోయబోమన్న మహార్లు, చావు డప్పు కొట్టబోమన్న తెలుగు, తమిళ పల్లెల దళితులు అందరూ ఒకే మాట అన్నారు. ఇది కళ కాదు, వెట్టి అన్నారు. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. కాబట్టి డప్పు ఘనత గురించి మాట్లాడే ఎవరైనా, దాన్ని కొట్టకుండా ఉండే హక్కును ముందు ఒప్పుకోవాలి. కూలిపని మానేసి చదువుకుంటానన్న కుర్రాణ్ని 'మీ తాతల కళ అంతరించిపోతోంది' అని బాధపెట్టే వారసత్వ ప్రేమికులతో మనకు పేచీ ఇక్కడే మొదలవుతుంది.

అయితే కింద పెట్టిన డప్పును మన ఇష్టంతో మళ్లీ ఎత్తుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1994లో ఈదుమూడిలో మొదలైన ఉద్యమం దండోరా అనే మాటనే తన పేరుగా తీసుకుంది. ఊరి పెద్దల కబురు చాటిన డప్పు తన సొంత కబురు చాటింది. చెన్నైలో 2017లో పుట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ పరైని, గానా పాటను, రాప్‌ను, రాక్‌ను ఒకే వేదిక మీదికి తెచ్చింది. వాద్యం అదే, చర్మం అదే. ఎవరు ఎవరి కోసం కొడుతున్నారన్నదే మారింది.

న్యూ ఆర్లీన్స్ నేర్పే అంచెల పాఠం

జాజ్ పుట్టిన న్యూ ఆర్లీన్స్‌లో నల్లవాళ్లందరూ ఒకటిగా లేరు. ఫ్రెంచి రక్తం కలిసిన క్రియోల్ కుటుంబాలు పట్టణంలో ఒక వైపు ఉండేవి. వాళ్ల పిల్లలు స్వరలిపి చూసి క్లారినెట్, వయొలిన్ నేర్చుకునేవారు. మరో వైపు తోటల నుంచి వలస వచ్చిన నల్ల కూలీలు చెవితో విని నేర్చుకుని, బ్లూస్, చర్చి పాటల బాణీలు ఊదేవారు. మొదటివాళ్లు రెండోవాళ్లను తక్కువగా చూసేవారు. అంబేడ్కర్ చెప్పిన అంచెలంచెల అసమానత మనకు మాత్రమే చెందిన రోగం కాదని ఇక్కడ తెలుస్తుంది.

ఈ గోడను కూల్చింది సద్భావన కాదు, జాతివివక్ష చట్టం. తెల్లవాళ్ల రైలు పెట్టెలో కూర్చుని అరెస్టయిన హోమర్ ప్లెస్సీ న్యూ ఆర్లీన్స్ క్రియోలే. 1896లో అమెరికా సుప్రీంకోర్టు అతని కేసులోనే వేరు పెట్టెలు సబబే అని తీర్పిచ్చింది. చట్టం దృష్టిలో క్రియోల్, కూలీ ఒకటే అయిపోయారు. చదివి వాయించేవాళ్లూ విని వాయించేవాళ్లూ ఒకే బృందాల్లో కలవక తప్పలేదు. ఆ కలయిక జాజ్‌కు ఊపిరి పోసిన కారణాల్లో ఒకటి.

మన సంగతి చూసుకుందాం. మాదిగలను ఆశ్రయించి బతికే డక్కలివాళ్లు, చిందువాళ్లు ఉన్నారు. జాంబవ పురాణం చెప్పే గొంతుకు కథ చెప్పినంతసేపూ గౌరవం, ఆ తర్వాత దూరం. ఛత్తీస్‌గఢ్‌లో దేవార్‌లు కూడా అలాంటివాళ్లే. గోండు రాజుల గాథలు పాడుతూ, ఊరూరా తిరుగుతూ, ఇల్లూ పొలం లేకుండా బతికిన సంచార గాయకులు. వాళ్ల ఆడవాళ్లు పాడి, ఆడి తెచ్చిన సంపాదన మీద సమాజం వేసిన ముద్ర ఇంకా పోలేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకు దారి తెరిచింది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి అది అమల్లోకి వచ్చింది. సీట్లలో, ఉద్యోగాల్లో వాటా గురించి మనం ఎంత వాదించుకున్నా మంచిదే. పాటలో వాటా గురించి కూడా మాట్లాడాలి. మన సభల్లో వేదిక ఎక్కి పాడేవాళ్లలో డక్కలి ఎంతమంది, దేవార్ ఎంతమంది అని లెక్కపెట్టుకునే ధైర్యం మనకుండాలి.

మొదటి రికార్డు ఎవరిది?

బడీ బోల్డెన్ 1877లో పుట్టాడు. న్యూ ఆర్లీన్స్‌లో అతని కార్నెట్ మోత గురించి సాటి కళాకారులు కథలు కథలుగా చెప్పుకున్నారు. 1907లో అతన్ని మానసిక చికిత్సాలయంలో చేర్చారు. 1931లో అక్కడే చనిపోయాడు. ఇవాళ మనం వినడానికి అతని వాద్యం ఒక్క నిమిషం కూడా లేదు. అతను ఆ నాలుగు గోడల మధ్య ఉండగానే, 1917లో తొలి జాజ్ రికార్డు బజారులోకి వచ్చింది. వాయించింది ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్. అయిదుగురూ తెల్లవాళ్లు. పేరులోనే 'ఒరిజినల్' అని పెట్టుకున్నారు. కొన్నేళ్లకు జాజ్ రాజు బిరుదు కూడా పాల్ వైట్‌మన్ అనే తెల్ల బృంద నాయకుడికే దక్కింది. 1930లో ఆ పేరుతో సినిమా వచ్చింది.

ఇక్కడ ఆగి ఒక తేదీ గుర్తుచేస్తాను. అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదవడానికి న్యూయార్క్‌లో దిగింది 1913లో. అదే ఏడాది మొదట్లో న్యూ ఆర్లీన్స్‌లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే 11 ఏళ్ల పిల్లాణ్ని, కొత్త సంవత్సరం వేడుకల్లో తుపాకీ పేల్చాడని పట్టుకుని నల్ల పిల్లల సంస్కరణ గృహంలో వేశారు. కార్నెట్ మీద అతనికి క్రమమైన శిక్షణ దొరికింది అక్కడే. ఒకరికి బరోడా సంస్థానం విద్యార్థి వేతనం, మరొకరికి శిక్ష. రెండు దారుల్లోనూ చదువు తలుపు సందులోంచే దొరికింది. 1946లో అంబేడ్కర్ డబ్ల్యూ.ఈ.బి. డు బోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లజాతివాళ్లు ఐక్యరాజ్యసమితికి ఇచ్చే విజ్ఞప్తి ప్రతులు కావాలని అడిగారు. ఈ పోలిక మనం కొత్తగా కల్పించుకున్నది కాదు, బాబాసాహెబ్ తవ్విన దారే.

నోరు తెరిచిన కళాకారుడికి ఏమవుతుంది?

డ్యూక్ ఎల్లింగ్టన్ 1927 నుంచి హార్లెమ్‌లోని కాటన్ క్లబ్‌లో వాయించాడు. వేదిక మీద నల్లవాళ్లు, బల్లల దగ్గర తెల్లవాళ్లు. నల్లవాళ్లు ప్రేక్షకులుగా లోపలికి రాకూడదు. పెళ్లి ఊరేగింపు ముందు నడిచి, పందిట్లోకి రాకూడని మన బాజావాళ్ల సంగతి దీనికి దూరమేమీ కాదు. 1965లో పులిట్జర్ సంగీత న్యాయనిర్ణేతలు ఎల్లింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వాలని సిఫారసు చేస్తే బోర్డు కాదంది. అతను పోయిన పాతికేళ్లకు, 1999లో ఇచ్చింది.

న్యూయార్క్ క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులు ఇచ్చే కార్డు ఉండాలి. దాన్ని లాగేసుకుంటే కూడు పోయినట్టే. 1947లో బిల్లీ హాలిడే, 1951లో థెలోనియస్ మంక్ ఆ కార్డు పోగొట్టుకున్నారు. చెట్లకు వేలాడిన నల్ల శవాల మీద బిల్లీ హాలిడే 1939లో 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాడింది. ఆమెతో ఒప్పందం ఉన్న కొలంబియా కంపెనీ దాన్ని రికార్డు చేయడానికి వెనకాడితే, కమోడోర్ అనే చిన్న సంస్థ చేసింది. 1957లో లిటిల్ రాక్ బడిలో నల్ల పిల్లల్ని అడ్డుకున్నప్పుడు, అందరితో నవ్వుతూ ఉంటాడని పేరుబడ్డ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభుత్వాన్ని బాహాటంగా దుయ్యబట్టి, ప్రభుత్వం తరఫున వెళ్లాల్సిన రష్యా యాత్ర మానుకున్నాడు. 1963 సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోతే, జాన్ కోల్ట్రేన్ 'అలబామా' వాయించాడు. అందులో ఒక్క మాట లేదు. ఉన్నదంతా శోకమే.

కారంచేడు తర్వాత, చుండూరు తర్వాత తెలుగులో పాట ఎలా మారిందో తెలిసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. ఊచకోత జరిగిన ప్రతిచోటా పాట సాక్ష్యం చెప్పింది. తేడా ఏమిటంటే, అమెరికాలో ఆ సాక్ష్యానికి పేరూ తేదీ రికార్డు సంఖ్యా ఉన్నాయి. మన పాటలు ఎన్నో సభల్లో పాడినవాళ్ల గొంతుతోపాటే గాలిలో కలిసిపోయాయి.

ఇక్కడి మూడు పాయలు

ఛత్తీస్‌గఢ్‌లో నాకు మూడు పాయలు కనిపిస్తున్నాయి. ఒకటి గండ్వా బాజా, ఇతరుల శుభకార్యాలకు చేసే సేవ. రెండోది దేవార్ పాట, ఇల్లిల్లూ తిరిగి పొట్టపోసుకునే కళ. మూడోది సత్నామీల పంథీ. ఇది మిగతా రెంటికంటే వేరు. గురు ఘాసీదాస్ 1756లో గిరౌద్‌పురిలో పుట్టి, మనుషులంతా ఒకటేనని, విగ్రహాలు వద్దని బోధించారు. ఆయన జయంతి డిసెంబరు 18న, తెల్లటి జైత్‌ఖామ్ స్తంభం చుట్టూ మాందర్, ఝాంజ్ మోతకు పంథీ ఆడతారు. నెమ్మదిగా మొదలై, కళ్లు తిరిగే వేగానికి చేరుతుంది. ఏ దొర పెళ్లికోసమో పుట్టింది కాదు, తమ గురువు కోసం, తమ కోసం తాము కట్టుకున్న సంగీతం. జాజ్‌కు నల్లవాళ్ల చర్చి ఎలాంటి పుట్టిల్లో పంథీకి సత్నామ్ ఉద్యమం అలాంటిది. దేవదాస్ బంజారే దాన్ని విదేశీ వేదికలకు కూడా తీసుకువెళ్లాడు.

ఈ మూడు పాయలూ నాటకంలోకీ వచ్చాయి. రాయ్‌పూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ ఛత్తీస్‌గఢీ నాచా కళాకారులతో నయా థియేటర్ నడిపారు. 1975 నాటి 'చరణ్‌దాస్ చోర్' 1982లో ఎడిన్‌బరోలో బహుమతి తెచ్చుకుంది. అందులో పంథీ ఉంది. రాణి వేషం వేసిన ఫిదాబాయి దేవార్ సమాజం మనిషి. ఆ నాటకం పేరెత్తగానే ప్రపంచం దర్శకుడి పేరు చెబుతుంది. ఫిదాబాయి పేరు చెప్పగలిగే నాటకశాస్త్ర విద్యార్థులు ఎంతమంది? హబీబ్ తన్వీర్ తన కళాకారుల్ని దాచిపెట్టాడని నేననడం లేదు. చరిత్ర రాసే పద్ధతే అలా ఉందంటున్నాను.

బొంబాయిలోనూ ఇదే జరిగింది. 1930లలో లియాన్ అబీ, టెడ్డీ వెదర్‌ఫోర్డ్ వంటి నల్లజాతి సంగీతకారులు తాజ్ హోటల్లో వాయించారు. స్వదేశంలో అడుగుపెట్టలేని హోటళ్లలాంటి చోటే ఇక్కడ వాళ్లకు చప్పట్లు. వాళ్ల దగ్గర విని నేర్చుకున్న గోవా క్రైస్తవ వాద్యకారులు హిందీ సినిమాలోకి జాజ్ తెచ్చారు. చిక్ చాకొలెట్, ఆంథొనీ గొన్సాల్వెస్, సెబాస్టియన్ డిసౌజా వంటివాళ్లు వాద్యాలను కూర్చితే, పోస్టరు మీద సంగీత దర్శకుడి పేరే పడింది. సినిమా మారినా, కాలం మారినా ఈ లెక్క మారలేదు.

'జానపదం' అనే చెరిపే గుడ్డ

పేరు చెరపడానికి మన దగ్గర ఒక గౌరవమైన మాట ఉంది: జానపదం. జానపదం అనగానే పాటకు కర్త ఉండడు. కర్త లేకపోతే హక్కుదారు ఉండడు. 2009లో 'ఢిల్లీ-6' సినిమాతో దేశమంతా పాడుకున్న గెందా ఫూల్ పాట మూలం ఛత్తీస్‌గఢీ జానపదమే. ఇలా సినిమాకెక్కిన పాటకు కాపీరైటు వస్తుంది, దాన్ని తరతరాలుగా మోసిన గొంతుకు ఏమీ రాదు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. 2012 సవరణ ప్రదర్శకులకు రాయల్టీలో వాటా ఇచ్చింది కానీ, ఒక సమాజం ఉమ్మడిగా కాపాడుకున్న బాణీకి చట్టంలో చోటు లేదు.

పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగిలయ్య సంగతి తెలుగు పాఠకులకు తెలుసు. డక్కలి కళాకారుడు. సినిమా పాటతో పేరొచ్చింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో నిర్మాణపు కూలీగా పనిచేస్తున్నాడని పత్రికలు రాశాయి. పతకం ఇచ్చిన రాజ్యం జీతం ఇవ్వలేకపోయింది. ఇది ఒక మనిషి దురదృష్టం అనుకుంటే పొరపాటు. సన్మానం చేయడం సులువు, ఉద్యోగం ఇవ్వడం కష్టం. సన్మానానికి శాలువా చాలు. ఉద్యోగం ఇవ్వాలంటే ఆ మనిషిని గురువుగా ఒప్పుకోవాలి.

ఇక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఖైరాగఢ్‌లో 1956లో రాజభవనంలో పెట్టిన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ఉంది. జానపద కళలకూ అక్కడ విభాగం ఉంది. అది మంచిదే. కానీ దేశంలోని ఏ సంగీత విభాగంలోనైనా నేనడిగే ప్రశ్న ఇదీ: డిగ్రీ ఇచ్చే గురువు కుర్చీలో ఎవరున్నారు, ప్రదర్శన ఇచ్చి దారిఖర్చులు తీసుకుని వెళ్లిపోయేదెవరు? రాగాన్ని శాస్త్రం అన్నాం, డప్పు దరువును అలవాటు అన్నాం. సిర్ర, చిటికెన పుల్లల మధ్య లెక్క తప్పకుండా దరువు మార్చేవాడి తలలో ఉన్నది కూడా శాస్త్రమే. అతను దాన్ని రాసుకోలేదు, ఎందుకంటే అతన్ని రాయనివ్వలేదు.

ఏం చేయాలి?

జాజ్ సంగీతకారులు ఎవరో గుర్తిస్తారని కూర్చోలేదు. 1952లో చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్ సొంత రికార్డు సంస్థ పెట్టుకున్నారు. 1965లో చికాగో నల్లజాతి సంగీతకారులు సంఘం కట్టి, సొంత కచేరీలు, పిల్లలకు ఉచిత పాఠాలు నడిపారు. 1963లో లెరోయ్ జోన్స్, తర్వాత అమిరి బరాకాగా మారినవాడు, 'బ్లూస్ పీపుల్' రాసి నల్లవాళ్ల సంగీతాన్ని నల్లవాళ్ల చరిత్రగా చదవడం నేర్పాడు. సంస్థ, బడి, పుస్తకం. మన కర్తవ్యాలు కూడా ఈ మూడే.

మొదటిది, ప్రభుత్వ ఉత్సవాలు. రాయ్‌పూర్‌లో 2019 నుంచి జాతీయ ఆదివాసీ నృత్యోత్సవాలు జరిగాయి. నవంబరు 1న రాజ్యోత్సవం జరుగుతుంది. ఇలాంటి ప్రతి వేదిక మీదా బృందం పేరుతో సరిపెట్టకుండా కళాకారులందరి పేర్లూ ప్రకటించాలి, రాతలో ఉంచాలి, పారితోషికం ఎవరిది వాళ్ల ఖాతాలోనే వేయాలి.

రెండోది, విశ్వవిద్యాలయాలు. డప్పు, డఫ్డా, కిన్నెర, మాందర్ నేర్పే పోస్టులకు పుట్టుకతో, సాధనతో అవి తెలిసినవాళ్లను డిగ్రీ అడ్డు లేకుండా నియమించాలి. వాళ్ల పిల్లలు అదే విభాగంలో విద్యార్థులుగా ఉండాలి. వాళ్లు వాద్యం వద్దని భౌతికశాస్త్రం చదువుతానంటే అదీ వాళ్ల హక్కే.

మూడోది మనం, అంటే పరిశోధకులం. పల్లెకు వెళ్లి పాట రికార్డు చేసుకుంటాం, థీసిస్‌లో 'సమాచారదాత' అని రాస్తాం, డాక్టరేటు తీసుకుంటాం. ఆ రికార్డింగ్ మన కంప్యూటర్‌లో పడి ఉంటుంది. పాడినవాళ్లకు ప్రతి ఇవ్వని, వాళ్లు వద్దంటే బయటపెట్టని, వాళ్ల పేరు శీర్షిక దగ్గరే రాసే నియమం మన విభాగాల్లో లేదు. పెట్టుకోవడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. విద్యార్థి సంఘాలు రేపే తీర్మానం చేయవచ్చు.

జాజ్ చరిత్రలో బోల్డెన్ వాద్యం లేని ఖాళీ ఒకటి ఉంది. ఎంత డబ్బు పోసినా, ఎన్ని మ్యూజియంలు కట్టినా అది ఇక పూడదు. మన దగ్గర అలాంటి ఖాళీలు ఇప్పటికే వేలల్లో ఉంటాయి. అయితే జాంబవ పురాణం పూర్తిగా తెలిసిన గొంతులు, దేవార్ గాథలు గుర్తున్న ముసలివాళ్లు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ల దగ్గరికి ఫోను పట్టుకుని వెళ్లేవాళ్లు ముందు అడగాల్సింది పాట కాదు. అమ్మా, నీ పేరేంటి, నీకేం కావాలి అని అడగాలి. జై భీమ్.